నెవార్క్ బడులు: 23 ఏళ్లకు ఊరి చేతికొచ్చిన పెత్తనం

న్యూజెర్సీకి వెళ్లే తెలుగువారిలో చాలామందికి నెవార్క్ అంటే దిగి, సామాను తీసుకుని, ఎడిసన్ వైపు కారెక్కే విమానాశ్రయం మాత్రమే. ఆ విమానాశ్రయానికీ, పక్కనున్న రేవుకూ చాలామటుకు భూమి నగరానిదే అయినా వాటిని నడిపేది రెండు రాష్ట్రాల ఉమ్మడి సంస్థ పోర్ట్ అథారిటీ. నగరానికి వచ్చేది కౌలే తప్ప ఆస్తిపన్ను కాదు. ఊళ్లోని విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కార్యాలయాలు కూడా మామూలు ఆస్తిపన్ను పరిధిలో లేవు. బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తిపన్ను నుంచే రావాల్సిన దేశంలో ఇది చిన్న లోటు కాదు.

1950లో నాలుగు లక్షల 38 వేలున్న జనాభా, ఫ్యాక్టరీలు మూతపడి శ్వేతజాతి కుటుంబాలు శివార్లకు తరలిపోవడంతో, 2000 నాటికి రెండు లక్షల 73 వేలకు పడిపోయింది. 1967 జులై అల్లర్లలో 26 మంది చనిపోయారు. 1970లో గెలిచిన కెన్నెత్ గిబ్సన్ తొలి నల్లజాతి మేయర్. 1986 నుంచి 20 ఏళ్లు షార్ప్ జేమ్స్ ఏలుబడి. జేమ్స్ కాలంలో నగర నడిబొడ్డున కళాకేంద్రం వెలిసింది గానీ బడులు బాగుపడలేదు. పేద స్కూలు జిల్లాల బడులకు సంపన్న స్కూలు జిల్లాలతో సమానంగా నిధులివ్వాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1990లో ఆదేశించింది. 1995లో స్కూలు బోర్డును పక్కనపెట్టి రాష్ట్ర ప్రభుత్వం బడుల పెత్తనాన్ని రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌కు తీసుకుపోయింది.

కాబట్టి 2006లో మేయరైన కోరీ బుకర్‌కు బడుల మీద చట్టప్రకారం ఏ అధికారమూ లేదు. అయినా 2010 సెప్టెంబరులో ఓప్రా విన్‌ఫ్రే టీవీ కార్యక్రమంలో మార్క్ జుకర్‌బర్గ్ 10 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించినప్పుడు ఆ వేదిక మీదున్నది ఆయనా, గవర్నర్ క్రిస్ క్రిస్టీనే. తమ బడుల భవిష్యత్తు గురించి నెవార్క్ తల్లిదండ్రుల్లో చాలామందికి టీవీ చూస్తేనే తెలిసింది. జరిగిన తప్పుల్లో నా దృష్టిలో మొదటిది అదే. ఇతర దాతలూ అంతే మొత్తం జతచేయగా, అందులో రెండు కోట్లకు పైగా కన్సల్టెంట్లకే పోయింది.

నగర బడుల అధిపతిగా రాష్ట్రం నియమించిన సూపరింటెండెంట్ క్యామీ ఆండర్సన్ ‘వన్ నెవార్క్’ పథకంతో ఇంటి దగ్గరి బడిలో చేరే పాత పద్ధతిని తీసేసి, ఊరంతటికీ ఒకే ప్రవేశ దరఖాస్తు పెట్టారు. 2014 ఆగస్టులో సీటు ఎక్కడొచ్చిందో తెలియని తల్లిదండ్రులు వందల సంఖ్యలో నమోదు కేంద్రం ముందు ఎండలో బారులు తీరారు. ఆ ఏడాది మే నెలలోనే, ఈ పథకాన్ని వ్యతిరేకించిన రాస్ బరాకా మేయరుగా గెలిచారు; అంతకుముందు ఆయన నెవార్క్‌లోని సెంట్రల్ హైస్కూల్ ప్రిన్సిపాల్. 2015 ఫిబ్రవరిలో కొందరు విద్యార్థులు ఆండర్సన్ కార్యాలయంలోనే బైఠాయించారు. అదే వేసవిలో ఆమె తప్పుకున్నారు.

సంస్కరణలన్నీ వృథా అయ్యాయనీ అనలేం. హార్వర్డ్ పరిశోధకుల 2017 అధ్యయనం ఇంగ్లీషులో మెరుగుదలను చూపింది, గణితంలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. 2018 ఫిబ్రవరి 1న పెత్తనం స్థానిక బోర్డుకు తిరిగొచ్చింది. ఆ బోర్డు సూపరింటెండెంట్‌గా ఎంచుకున్న రోజర్ లియోన్ ఆ బడుల్లోనే చదువుకుని, ఆ బడుల్లోనే పనిచేసిన మనిషి. 2024లో నగర మండలి స్కూలు బోర్డు ఎన్నికల్లో 16, 17 ఏళ్ల పిల్లలకూ ఓటు ఇచ్చింది. వారు తొలిసారి ఓటేసింది 2025 ఏప్రిల్‌లో.