కుంగ్‌ఫూలో పాతదెంత, కొత్తదెంత? కొన్ని అపోహలు - వాస్తవాలు

కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, "మాస్టారూ, మీరు నేర్పేది ఒరిజినలేనా?" అని. వాళ్ల పక్కనే ఇంకొకరుంటారు. "ఈ పాత చాదస్తం అంతా ఎందుకండీ, పనికొచ్చేది మాత్రం చెప్పండి" అంటారు. కుంగ్‌ఫూలో ఒక శైలి అయిన తైచీని ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, పన్నెండేళ్లుగా నేర్పుతున్నాను. ఇద్దరికీ చెప్పాల్సినవి ఇవి.

అపోహ: కుంగ్‌ఫూ మన బోధిధర్ముడు నేర్పిందే.

కాంచీపురం రాజకుమారుడు చైనా వెళ్లి షావోలిన్ అనే బౌద్ధాలయంలోని సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడన్న కథ మన క్లాసుల్లో వినపడని రోజుండదు. వింటే గర్వంగా ఉంటుంది, నాకూ ఉండేది. కానీ ఆయన పేరును వ్యాయామంతో ముడిపెట్టిన 'యీ జిన్ జింగ్' అనే పుస్తకం 1624 నాటిది. ఆయన కాలానికీ దానికీ మధ్య వెయ్యేళ్లకు పైనే ఉంది. తాంగ్ హావో అనే చైనా చరిత్రకారుడు 1930ల నాటికే ఈ కథ నిలబడదని తేల్చాడు. తైచీని ఝాంగ్ సాన్‌ఫెంగ్ అనే దావో యోగి కనిపెట్టాడన్న కథకూ ఆయన చేతిలో అదే గతి పట్టింది. షావోలిన్ సన్యాసులు యుద్ధంలో దిగిన మాట మాత్రం నిజం. 621లో వాళ్లు, తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్ పక్షాన పోరాడారు, ఆ సంగతి ఆలయంలోని 728 నాటి శిలాశాసనంలో ఉంది. బోధిధర్ముడు యుద్ధవిద్య నేర్పాడన్న మాట అందులో లేదు. ఇంకో సంగతి, మింగ్ రాజుల కాలంలో షావోలిన్‌కు పేరు తెచ్చింది పిడికిలి కాదు, కర్ర. మన కర్రసాము వాళ్లు సంతోషించవచ్చు.

అపోహ: అసలైన ఫామ్ (వరసగా చేసే కదలికల మాల) వేల ఏళ్లుగా ఇసుమంతైనా మారలేదు.

తైచీ సంగతే తీసుకుందాం, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. హెనాన్ రాష్ట్రంలో చెన్‌జియాగో అనే పల్లె ఉంది. 17వ శతాబ్దంలో ఆ ఊరి చెన్ వాంగ్‌టింగ్ దగ్గర ఈ విద్య మొదలైందంటారు. అక్కడి ఫామ్‌లోని భంగిమల పేర్లలో చాలా అంతకుముందు శతాబ్దంలో చీ జీగ్వాంగ్ అనే సేనాపతి సైనికుల కోసం రాసిన 32 భంగిమల జాబితాలోనివే. అంటే మనం 'మూలం' అంటున్నదే ఒకనాటి కొత్త ప్రయోగం.

చెన్ ఫామ్‌లో 'వజ్రధారి రోలు దంచడం' అనే కదలిక ఉంది. ఎడమ అరచెయ్యి బొడ్డు ముందు రోలులా నిలుస్తుంది. కుడి పిడికిలి పైకి లేచి అందులోకి దిగుతుంది, అదే క్షణంలో కుడి పాదం నేలను తాకుతుంది, ధన్‌మని. మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో దీన్ని సాధన చేసిన రోజుల్లో కింది వాటావాళ్లు రెండుసార్లు తలుపు తట్టారు. ఈ విద్యను చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకుని బీజింగ్ తీసుకెళ్లింది యాంగ్ లూచాన్. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ నాటికి ఆ దంచుడు లేదు, గెంతులు లేవు. అంతా మెల్లగా, విశాలంగా, ఒకే వేగంతో సాగుతుంది. ఈ రోజు ప్రపంచంలో ఏ పార్కులో చూసినా ఎక్కువగా కనిపించేది ఈ మారిన రూపమే. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం దాన్నీ కుదించి 24 భంగిమల ఫామ్ చేసింది, అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. 'సంప్రదాయం' అనుకుంటూ మనవాళ్లు నేర్చుకునేది చాలాసార్లు ఇదే.

పోనీ చెన్‌జియాగోలోనైనా మార్పు లేదా అంటే, అక్కడా 'పాత చట్రం', 'కొత్త చట్రం' అని ఫామ్ చేసే పద్ధతులు రెండున్నాయి. బీజింగ్‌లో చెన్ ఫాకె మలిచిన పద్ధతిని ఆయన కొడుకు 1970ల్లో సొంత ఊరికి తెస్తే, ఊరివాళ్లు దానికి పెట్టిన పేరే 'కొత్త చట్రం'.

అపోహ: రంగురంగుల బెల్టులు ప్రాచీన చైనా ఆచారం.

కాదు. అవి జపాన్ జూడో నుంచి వచ్చాయి. చైనాలో వుషు (అక్కడి యుద్ధవిద్యలకు అధికారిక పేరు) డిగ్రీల పద్ధతి 1990ల చివర్లో గానీ రాలేదు.

అపోహ: వంశవృక్షం గొప్పదైతే గురువూ గొప్పవాడే.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది కొందరి పరిచయం. ఫలానావారి అయిదో తరం, పదకొండో తరం అంటారు. వంశానికి విలువ లేదనను. తప్పు చేస్తే దిద్దే పెద్ద ఒకరున్నారన్న భరోసా అది. కానీ చైనావాళ్లే దాన్ని పరీక్ష లేకుండా వదల్లేదు. 1928లో నాంజింగ్‌లో కేంద్ర గ్వోషు (జాతీయ యుద్ధవిద్య) సంస్థ పెట్టినప్పుడు షావోలిన్ శైలులకు ఒకటి, తైచీ లాంటి వూడాంగ్ శైలులకు ఒకటి అని రెండు విభాగాలు చేశారు. ఆ రెండు వర్గాలూ కొట్టుకోవడంతో కొద్దికాలానికే ఆ విభజన ఎత్తేశారు. అదే ఏడాది అభ్యర్థులను వేదికెక్కించి ఎదురెదురుగా పోటీ పెట్టారు. 1979 నుంచి ప్రయోగాత్మకంగా రూపుదిద్దిన సాన్‌డా అనే గ్లవ్సు పోటీ కూడా ఆ దారిలోదే. గ్లవ్సు తొడుక్కుంటే సంప్రదాయం చెడిపోయిందని వాపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2017లో చెంగ్‌డూలో శూ షియావోడాంగ్ అనే ఎంఎంఏ (అన్ని శైలులూ కలిపిన పోరు) ఫైటర్ ఒక తైచీ 'మాస్టర్'ను అరనిమిషం లోపే పడగొట్టాడు. ఆ వీడియో నాకు ఎంతమంది పంపారో! తైచీ అంతా బూటకమని తేలింది అన్నారు. నాకు మాత్రం అందులో కనిపించింది ఎదుటివాడి దెబ్బ ఎన్నడూ కాచుకోని మనిషి. ఏ శైలివాడైనా స్పారింగ్ (ఎదుటివాడితో సాధన పోరు) లేకుండా రింగెక్కితే జరిగేది అదే.

అపోహ: చిన్న చిన్న వివరాలు వదిలేస్తే కొంప మునగదు.

ఇది నా సొంత అపోహ. కొన్నేళ్ల క్రితం అరవై దాటినవాళ్ల బ్యాచ్‌కు సులువుగా ఉంటుందని యాంగ్ ఫామ్‌లోని 'సింగిల్ విప్' అనే కదలిక నుంచి ఒక ముక్క తీసేశాను. రెండు చేతులతో ముందుకు తోశాక, బరువు ఎడమ కాలి మీదకు తెచ్చి, కుడి పాదం వేళ్లను లోపలికి తిప్పాలి. ఆ తర్వాతే బరువు మళ్లీ కుడి కాలి మీదకు రావాలి, ఎడమ కాలు ఎడమవైపు అడుగేయాలి. "పాదం తిప్పడం మర్చిపోతున్నాం మాస్టారూ" అంటే, పోనీలెమ్మన్నాను. నెల తిరక్కుండానే ఒక ఆంటీ కుడి మోకాలు పట్టుకుని కూర్చున్నారు.

మా గురువుగారికి ఫోన్ చేశాను. "పాదం ఒకవైపు, ఒళ్లు ఇంకోవైపు. మధ్యలో మెలిపడేది ఏంట్రా?" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. నేను అలంకారం అనుకుని తీసేసింది మోకాలికి కాపలా.

అలాగని ఏదీ ముట్టుకోవద్దని కాదు. ఆ బ్యాచ్‌కు స్టాన్సు ఎత్తుగానే పెట్టాను, అంటే మోకాళ్లు ఎక్కువ వంచనక్కర్లేదు. ఎత్తు, మధ్య, కింది చట్రాలని తైచీలో ముందునుంచీ ఉన్నవే, వయసును బట్టి ఎంచుకోవచ్చు. అడుగు కూడా చిన్నది చేశాను. నడుం, మోకాలు, వేళ్లు ఒకే దిక్కు చూస్తున్నంతవరకు దాంతో నష్టం లేదు. పాదం తిప్పడం మాత్రం మళ్లీ చేర్చాను. మర్చిపోకుండా ఉండటానికి నేలమీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి, ఒక గీత మీంచి రెండో గీత మీదకు వేళ్లు తిప్పమంటున్నాను. ఏ పాత పుస్తకంలోనూ సుద్దగీతలు లేవు. ఆ ఆంటీ రెండు నెలలు ఆగి మళ్లీ వచ్చారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ గీతలు గీసేది ఆవిడే.