కడుపుతో ఉన్నప్పుడు నీచు వాసనతో తెల్లబట్ట: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెల్లబట్ట అంటే వేడి చేసిందనే. బొండాలు, సబ్జా నీళ్ళు తాగితే తగ్గిపోతుంది.

కోనసీమలో బొండాలకు కొదవా? ఎండల్లో తాగితే ఒంటికి మంచిదే. కానీ వేడికీ దీనికీ సంబంధం లేదు. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా అక్కడి ఆమ్లగుణాన్ని తెలిపే పీహెచ్‌ను 4.5 దాటనివ్వదు. ఆ మంచి బ్యాక్టీరియా తగ్గి గార్డ్‌నెరెల్లా వంటి వేరే బ్యాక్టీరియా పెరిగిపోతే బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటాం. కడుపుతో ఉన్నప్పుడు వాసన, దురద లేని తెల్లబట్ట కాస్త ఎక్కువగా అవడం మామూలే. పల్చగా, బూడిదరంగు కలిసి, ముఖ్యంగా భర్తతో కలిశాక నీచు వాసన వేస్తే మాత్రం అనుమానించాలి. పెరుగు తరకల్లా, దురదతో అయితే ఫంగస్ కావచ్చు. పసుపుపచ్చగా నురగతో అయితే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు, అప్పుడు భర్తకూ మందు తప్పదు.

అపోహ: డెట్టాల్ నీళ్ళతోనో పటిక నీళ్ళతోనో లోపల కడిగితే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఇదే. వాసన ఆ పూటకు పోతుంది, దాంతోపాటే మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. నాలుగు రోజులకు వాసన మళ్ళీ మొదలు, కడగడమూ మళ్ళీ మొదలు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, అయినా దయచేసి మానండి. బయట మాత్రమే, మామూలు నీళ్ళతో, ముందు నుంచి వెనక్కి కడుక్కుంటే చాలు.

అపోహ: చూడగానే చెప్పేయొచ్చు, పరీక్ష దేనికి?

యోని పక్కగోడ నుంచి దూదిపుల్లతో కొద్దిగా స్రావం తీసి పీహెచ్ కాగితానికి అద్దుతాం. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు, రక్తం, వీర్యం, ఉమ్మనీరు ఏది తగిలినా లెక్క తప్పుతుంది. గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలిపితే నీచు వాసన గుప్పుమంటుంది. మైక్రోస్కోపులో, అంచులు కనపడనంతగా బ్యాక్టీరియా అతుక్కున్న కణాలు కనిపిస్తాయి. వాటినే క్లూ సెల్స్ అంటాం. పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, వాసన, క్లూ సెల్స్: నాలుగింట్లో మూడుంటే నిర్ధారణ అయినట్టే.

అపోహ: దీనికి ఇచ్చే మెట్రోనిడజోల్ బిళ్ళలు వేసుకుంటే బిడ్డకు అవకరం.

మెట్రోనిడజోల్ మాయ దాటుతుంది, నిజమే. కానీ దశాబ్దాలుగా గర్భిణులు వాడుతున్నా, దానివల్ల అవకరాలు వస్తాయన్న ఆధారం దొరకలేదు. మన దగ్గర దొరికే 400 మిల్లీగ్రాముల బిళ్ళ పూటకొకటి, రోజుకు రెండు, 7 రోజులు. అది పడకపోతే క్లిండమైసిన్ 300 మిల్లీగ్రాములు, అదీ రోజుకు రెండుసార్లు, 7 రోజులే. ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. మెట్రోనిడజోల్‌తో నోరు ఇనుము చప్పరించినట్టు ఉంటుంది, వికారంగానూ ఉంటుంది, అందుకే అన్నం తిన్నాక వేసుకోవాలి. బొత్తిగా ఇమడకపోతే మానేయకుండా వచ్చి చెప్పండి, లోపల పెట్టుకునే జెల్ ఉంది. రెండు రోజులకే వాసన పోయిందని మిగతా బిళ్ళలు అటకెక్కిస్తే తిరగబెడుతుంది.

అపోహ: మెడికల్ షాపులో తెల్లబట్ట కిట్ ఇస్తారు, అదే చాలు.

ఆ కిట్లలో సాధారణంగా సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్, అజిత్రోమైసిన్ కలిపి ఉంటాయి. సెక్నిడజోల్ గర్భిణులకు సురక్షితమనడానికి తగినంత సమాచారం లేదు. నోటితో మింగే ఫ్లూకొనజోల్ ఈ సమయంలో వద్దు. కడుపుతో ఉన్నామని షాపులో చెప్పకపోతే వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

అపోహ: భర్త తిరుగుళ్ళ వల్లే వస్తుంది.

దీన్ని పట్టుకుని ఎవరినీ అనుమానించకూడదు. మాటిమాటికీ తిరగబెడుతుంటే భర్తకూ మందు కావాలేమో డాక్టరు చూస్తారు.

అపోహ: ఇది ఉంటే నెలలు నిండకుండానే కాన్పు ఖాయం.

ముప్పు పెరుగుతుంది, ఖాయమేమీ కాదు. లక్షణాలు ఉంటే మందు వాడాలి. లక్షణాలూ లేక, ముప్పూ లేనివారందరికీ పరీక్ష చేసి మందులివ్వడం వల్ల ముందస్తు కాన్పులు తగ్గలేదు. అందుకే 2020లో అమెరికా నిపుణుల బృందం అలాంటివారికి ఈ పరీక్ష వద్దంది. ఇదివరకు నెలలు నిండకముందే కాన్పు అయినవారు ఆ సంగతి మొదటి చెకప్‌లోనే చెప్పాలి.

నీచు వాసన ఉంటే ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో జరిగే చెకప్‌లో చూపించుకోవచ్చు, ఏఎన్ఎంకు ముందే చెప్పినా సరే. బట్ట తడిసిపోయేలా నీళ్ళు కారుతున్నా, రక్తం కనిపించినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా 9వ తేదీ కోసం ఆగొద్దు. ఆ కారే నీళ్ళు ఉమ్మనీరు కావచ్చు. లంకల్లో ఉండేవారు పొద్దు పోయి పంటు ఆగిపోకముందే రేవు దాటండి, 108కి ఫోన్ చేయండి.