నెల తిరక్కుండా రద్దయిన పన్ను: క్షమా సావంత్ కౌన్సిల్ రికార్డు వెనక కథ

వాషింగ్టన్ రాష్ట్రం తొమ్మిదో కాంగ్రెస్ నియోజకవర్గానికి 1997 నుంచి ప్రతినిధిగా ఉంటున్న డెమొక్రాట్ ఆడమ్ స్మిత్ మీద స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేస్తానని క్షమా సావంత్ 2025 జూన్‌లో ప్రకటించినప్పటి నుంచి, సియాటిల్ నగర కౌన్సిల్‌లో ఆమె గడిపిన పదేళ్ల మీద పాత వాదన మళ్లీ రాజుకుంది. ఆ పదేళ్లలో నగరంలో వచ్చిన చట్టాల్లో నిజంగా ఆమె వాటా ఎంత, ఎవరితోనూ సర్దుకుపోరని పేరుపడ్డ మనిషి చట్టసభకు వెళ్లి ఏం చేయగలరు అన్నవి ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నలు. 2013లో ఒక సోషలిస్టుగా ఆమె గెలుపు, మరుసటి ఏడాది వచ్చిన 15 డాలర్ల కనీస వేతనం, 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధిస్తూ చేసిన ఆర్డినెన్సు తెలుగు పాఠకులకు తెలిసిన సంగతులే. వాటికన్నా తక్కువ తెలిసినదీ, ఈ ప్రశ్నలకు నేరుగా సంబంధించినదీ 2018 మే, జూన్ నెలల్లో జరిగింది.

ఇళ్లు లేనివారి సమస్యపై సియాటిల్ నగరమూ కింగ్ కౌంటీ 2015లోనే అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. 2018లో ఒక్క రాత్రి జరిపిన గణనలో కౌంటీలో 12,112 మంది ఇల్లు లేనివారు తేలారు. అప్పట్లో వాషింగ్టన్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటి అద్దెలపై స్థానిక నియంత్రణను రాష్ట్ర చట్టం 1981లోనే నిషేధించింది, కాబట్టి నగరం చేతిలో ఉన్న దారులు కొద్ది. ఏటా 2 కోట్ల డాలర్లకు మించి వ్యాపారం చేసే సంస్థల నుంచి ఒక్కో ఉద్యోగికి 500 డాలర్ల చొప్పున పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును ఇళ్ల నిర్మాణానికీ ఆశ్రయాలకూ వాడాలని కౌన్సిల్‌లో నలుగురు సభ్యులు ప్రతిపాదించారు. ఏడాదికి దాదాపు 7.5 కోట్ల డాలర్లు వస్తాయన్నది అంచనా. ప్రతిపాదించిన నలుగురిలో సావంత్ లేరు. బయట ఆ పన్నుకు గొంతుగా నిలిచింది మాత్రం ఆమే.

నగరంలో ఎక్కువ మందికి ఉద్యోగాలిచ్చే ప్రైవేటు సంస్థ అమెజాన్. కౌన్సిల్ ఓటింగుకు రెండు వారాల ముందు ఆ సంస్థ, నగర కేంద్రంలో తలపెట్టిన ఒక పదిహేడు అంతస్తుల భవనం ప్రణాళికను ఆపేస్తున్నామనీ, మరో భవనంలో తీసుకున్న స్థలాన్ని ఇతరులకు అద్దెకిచ్చే ఆలోచనలో ఉన్నామనీ ప్రకటించింది. మర్నాడు అమెజాన్ కార్యాలయాల దగ్గరున్న గాజు గోళాల ముందు సావంత్ మాట్లాడబోతే, ఇనుప పనివారు, ఇతర భవన నిర్మాణ కార్మికులు ‘పన్ను వద్దు’ అని అరుస్తూ ఆమె మాట ఎవరికీ వినపడనివ్వలేదు. కార్మికుల పేరు మీద రాజకీయం చేసే మనిషిని కార్మికులే మాట్లాడనివ్వని ఆ దృశ్యాన్ని ఆమె ప్రత్యర్థులు ఇప్పటికీ గుర్తుచేస్తారు. అది జరగని విషయమేమీ కాదు. అయితే ఆ కార్మికుల చేతిలోని పనిని ఆపేస్తామన్నది ఎవరో కూడా అదే వాక్యంలో చెప్పాలి.

మేయర్ జెన్నీ డర్కన్ ఒత్తిడితో పన్నును 275 డాలర్లకు తగ్గించారు, వచ్చే సొమ్ము 4.7 కోట్లకు దిగింది. మే 14న కౌన్సిల్‌లోని తొమ్మిది మందీ దానికి అనుకూలంగా ఓటు వేశారు, సావంత్‌తో సహా. రాజీ పడని మనిషి అన్న ముద్ర గురించి మాట్లాడేవారు ఈ ఓటును దాటేసి పోతుంటారు. అప్పటికే పెద్ద కంపెనీల డబ్బుతో, చట్టాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టాలంటూ సంతకాల ఉద్యమం మొదలైంది. దీర్ఘకాలం సాగే ఖరీదైన పోరు నగరానికి మంచిది కాదంటూ మేయరూ ఏడుగురు సభ్యులూ మనసు మార్చుకున్నారు. జూన్ 12న, అంటే చట్టం చేసి నెల తిరక్కుండానే, 7–2 ఓట్లతో దాన్ని రద్దు చేశారు. పన్నును ప్రతిపాదించిన నలుగురిలో ముగ్గురు రద్దుకే ఓటు వేశారు. వద్దన్న ఇద్దరు తెరెసా మోస్కేడా, క్షమా సావంత్.

ఆ తర్వాత జరిగినదంతా ఈ ఇద్దరూ ఆ ఓటమి నుంచి నేర్చుకున్న వేర్వేరు పాఠాల నుంచే వచ్చిందని నా అభిప్రాయం. కార్మిక ఉద్యమం నుంచి వచ్చిన మోస్కేడాకు, పన్ను వేసే ముందే సంఘాలనూ వీలైనన్ని సంస్థలనూ ఒక తాటి మీదికి తేవాలని అర్థమైంది. బయటి నుంచి మెడ మీద కత్తి వేలాడితే తప్ప కౌన్సిల్ కదలదనీ, కదిలినా నిలబడదనీ సావంత్ నిర్ధారించుకున్నారు.

2019 ఎన్నికలు ఆమె అంచనాకే బలమిచ్చాయి. వాణిజ్య మండలి రాజకీయ నిధికి అమెజాన్ అక్టోబరులో ఒక్క విడతలోనే 10.5 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ ఎన్నికల్లో దాని మొత్తం విరాళం దాదాపు 15 లక్షలు. ఒక నగర కౌన్సిల్ ఎన్నికకు అంత డబ్బు రావడం చూసి, ఆమెతో పడని డెమొక్రాట్లు కూడా నొచ్చుకున్నారు. తొలి రాత్రి లెక్కింపులో మూడో డిస్ట్రిక్టులో ఆమె ఎనిమిది శాతం దాకా వెనకబడ్డారు. సియాటిల్‌లో ఓటింగు తపాలా ద్వారా జరుగుతుంది, యువకులూ అద్దెవాసులూ బ్యాలెట్లు చివర్లో పంపుతారు. రోజురోజుకూ తేడా కరిగి, ఆమె సుమారు నాలుగు శాతం ఆధిక్యంతో గెలిచారు. ఏడు స్థానాల్లో వాణిజ్య మండలి బలపరిచినవారికి దక్కినవి రెండే.

2020 మొదట్లో సావంత్, మరో కౌన్సిల్ సభ్యురాలు టామీ మొరాలెస్‌తో కలిసి ఏటా 50 కోట్ల డాలర్లు తెచ్చే పన్నును ప్రతిపాదించి, కౌన్సిల్ ఒప్పుకోకపోతే నేరుగా ఓటర్ల ముందుకే వెళ్తామంటూ సంతకాల సేకరణ మొదలుపెట్టారు. మోస్కేడా వేరుగా ‘జంప్‌స్టార్ట్’ అనే పన్ను బిల్లు రాశారు. ఇది ఉద్యోగుల తల లెక్కన వేసే పన్ను కాదు. ఏడాది వేతనాల మొత్తం 70 లక్షల డాలర్లు దాటిన సంస్థలు, 1.5 లక్షలకు పైబడిన జీతాల మీద 0.7 నుంచి 2.4 శాతం దాకా కట్టాలన్నది అప్పటి నిబంధన. అంచనా 21.4 కోట్లు. జూలై 6న అది 7–2తో గెలిచింది, ఈసారి రద్దు కాలేదు. తన ప్రతిపాదనలో సగం కూడా లేని ఆ బిల్లుకు సావంత్ అనుకూలంగానే ఓటు వేశారు. మోస్కేడా పక్షంవారు ఇది ఓపికగా కూడగట్టిన మద్దతు ఫలితమంటారు, బిల్లు పాఠం వరకు ఆ మాట నిజం. అయితే బల్ల మీద 50 కోట్ల ప్రతిపాదన, వీధిలో సంతకాల కాగితాలు లేకుండా, రెండేళ్ల కింద 4.7 కోట్లకే భయపడిన నగరంలో 21.4 కోట్లు మధ్యేమార్గంగా కనిపించేవా అన్న ప్రశ్నకు ఆ పక్షం నుంచి సూటి జవాబు రాలేదు.

ఆ సంతకాల ఉద్యమానికే కౌన్సిల్ వనరులు వాడినందుకు ఆమె 3,515 డాలర్ల జరిమానా కట్టారు. అది చిన్న మొత్తమే కానీ ఆమెను పదవి నుంచి తొలగించాలంటూ వచ్చిన 2021 రీకాల్ పిటిషన్‌లో ఒక ఆరోపణ అయింది. 2020 జూన్‌లో రాత్రివేళ నిరసనకారుల కోసం సిటీ హాల్ తలుపులు తెరవడం, రహస్యంగా ఉంచాల్సిన మేయర్ ఇంటి చిరునామాకు ఊరేగింపు తీసుకెళ్లారన్నది మిగతా రెండు. డిసెంబరు 7 ఓటింగులో ఆమె 310 ఓట్ల తేడాతో పదవి నిలుపుకున్నారు. అంత తక్కువ తేడా సొంత డిస్ట్రిక్టులో కూడా ఆమె మీద పెరిగిన విసుగుకు గుర్తు. దాన్ని ఆమె అనుచరులు తేలిగ్గా తీసుకోవడం సరికాదు.

అద్దెవాసుల చట్టాల్లో ఆమె చేతివ్రాత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో చేరేటప్పుడు కట్టే డిపాజిట్లపై 2016లో పరిమితి, 2020లో చలికాలం ఖాళీ చేయించడంపై నిషేధం, 2021లో అద్దె పెంచాలంటే ఆరు నెలల ముందు నోటీసు వచ్చాయి. చలికాలపు నిషేధాన్ని ఆమె అయిదు నెలలు అడిగితే కౌన్సిల్ మూడు నెలలకు కుదించింది. ఆమె దానికీ ఓటు వేశారు. రాష్ట్ర నిషేధం తొలగిన రోజున అమల్లోకి వచ్చేలా ఆమె తెచ్చిన అద్దె నియంత్రణ బిల్లు 2023లో ఓడిపోయింది. చిన్న ఇంటి యజమానులు ఈ చట్టాల వల్ల అద్దెకిచ్చే ఇళ్లు తగ్గుతున్నాయని అంటారు. పన్నుల వల్ల ఉద్యోగాలు పొరుగు నగరం బెల్‌వ్యూకు తరలాయన్నది వ్యాపారవర్గాల మాట. అమెజాన్ అక్కడ విస్తరించింది నిజమే కానీ, కోవిడ్ తర్వాత నగర కేంద్రం ఖాళీ కావడంలో పన్ను ఎంత, ఇంటి నుంచి పని ఎంత అని విడదీయడం తేలిక కాదు.

ఓటర్ల తీరు మాత్రం మారలేదు. 2025 ఫిబ్రవరిలో, పది లక్షల డాలర్లు దాటిన జీతభత్యాల మీద యజమానులు 5 శాతం పన్ను కట్టి ప్రజా గృహనిర్మాణానికి ఇవ్వాలన్న ప్రతిపాదనను వ్యతిరేకించడానికి అమెజాన్, మైక్రోసాఫ్ట్ చెరో లక్ష డాలర్లు ఇచ్చినా, అది దాదాపు 63 శాతంతో నెగ్గింది. అదే ఏడాది నవంబరులో మేయర్‌గా గెలిచిన కేటీ విల్సన్, 2018 పన్ను ప్రచారంలోనూ జంప్‌స్టార్ట్ రూపకల్పనలోనూ పాల్గొన్నవారే.

జంప్‌స్టార్ట్ సొమ్ములో 62 శాతం అందుబాటు ధరల ఇళ్లకే అని మొదట రాసుకున్నారు. 2024 చివరలో, సుమారు 25 కోట్ల డాలర్ల లోటు పూడ్చడానికి ఆ షరతును సడలించి, డబ్బును సాధారణ ఖర్చులకు మళ్లించేందుకు కౌన్సిల్ దారి తెరిచింది. సావంత్ 2023లో మళ్లీ పోటీ చేయలేదు, మోస్కేడా కింగ్ కౌంటీ కౌన్సిల్‌కు ఎన్నికై వెళ్లారు. షరతు సడలించిన ఆ ఓటు పడిన రోజున, 2018 జూన్‌లో రద్దు వద్దన్న ఇద్దరిలో ఒక్కరూ నగర కౌన్సిల్‌లో లేరు.