చేతి వైద్యం నుంచి డాక్టర్ పట్టా దాకా: ఆస్టియోపతి దారి ఎలా చీలింది

ఎముకలను, కండరాలను చేతులతో సర్దే వైద్యంగా మొదలైన ఆస్టియోపతి మాట విజయవాడ, గుంటూరు ఇళ్లలో రెండు సందర్భాల్లో వస్తోంది. మొదటిది అమెరికా సంబంధాలు చూసేటప్పుడు. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగాడు, డాక్టర్ అంటారు. వివరాల కాగితం చూస్తే, అమెరికాలో మామూలు డాక్టర్ పట్టా అయిన ఎం.డి. బదులు డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అని ఉంటుంది. ఇది నిజమైన డాక్టర్ చదువేనా, లేక ఫిజియోథెరపీ లాంటిదా అని అమ్మాయి తరఫు పెద్దలు ఆరా తీయడం మొదలుపెడతారు. రెండోది నడుమో మెడో పట్టేసినప్పుడు. మెడ ఒక్క విసురున తిప్పి ఎముకలు చిటుక్కుమనిపించే వీడియో ఫోనులో కనబడుతుంది. ఆ వైద్యం మన ఊళ్లో ఎవరు చేస్తారని వెతుకులాట మొదలవుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు సులువు. అమెరికాలో చదివి లైసెన్సు పొందిన డి.ఓ. పూర్తి స్థాయి వైద్యుడే. మందులు రాస్తాడు, శిక్షణను బట్టి శస్త్రచికిత్సలూ చేస్తాడు. రెండో ప్రశ్నకు మాత్రం మన దగ్గర ఖచ్చితమైన జవాబు చెప్పగలిగే అధికార సంస్థే లేదు. ఒకే మూలం నుంచి వచ్చిన విద్య ఒక దేశంలో డాక్టర్ పట్టాగా, మరో దేశంలో చేతి వైద్యంగా, మన దగ్గర ఎవరి అదుపూ లేకుండా గుమ్మానికి తగిలించుకునే బోర్డుగా ఎలా మారిందో తెలియాలంటే దాని చరిత్ర చూడాలి.

దీనికి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1828లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. తండ్రి మెథడిస్టు బోధకుడు, వైద్యం కూడా చేసేవాడు. స్టిల్ వైద్యం నేర్చుకున్నది ఎక్కువగా తండ్రి వెంట ఉండే. 1864లో మెదడు పొరలకు వచ్చే జ్వరంతో ఆయన పిల్లలు ముగ్గురు చనిపోయారు. అప్పటి వైద్యుల చేతిలో ఉన్నవి పాదరసంతో చేసిన కాలొమెల్, నల్లమందు, సారాయి, రక్తం తీయడం. వీటిలో చాలావరకు రోగికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసేవి. ఆ వైద్యం మీద స్టిల్‌కు కలిగిన కోపం న్యాయమైనదే. 1874లో ఆయన తన కొత్త పద్ధతిని ప్రకటించాడు. ఎముకలు, కండరాలు సరైన స్థానంలో ఉంటే రక్తం సాఫీగా ప్రవహిస్తుందని, అప్పుడు శరీరం తనను తానే బాగుచేసుకుంటుందని ఆయన నమ్మకం. కాన్సాస్‌లోని బేకర్ విశ్వవిద్యాలయంలో ఈ సంగతి చెబుతానంటే అనుమతి ఇవ్వలేదు. చివరికి మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్లో స్థిరపడి, 1892లో పాఠశాల తెరిచాడు. తొలి తరగతిలో ఆడవాళ్లకూ చోటు ఇచ్చాడు. ఎం.డి. పట్టా ఇచ్చుకునే వీలున్నా వద్దని, డి.ఓ. అనే వేరే పట్టా పెట్టాడు. ఆ రెండక్షరాల తేడా మీదే తర్వాత వందేళ్ల పోరాటం నడిచింది.

పాత మందులను కాదనడంలో స్టిల్ సరిగ్గానే ఉన్నాడు కానీ, ఆ ఖాళీలో ఆయన పెట్టిన సిద్ధాంతానికి రుజువు లేదు. అంటురోగాలను సైతం వెన్నెముక సర్ది నయం చేయవచ్చని నమ్మినవాళ్లు చాలాకాలం ఉన్నారు. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో తమ రోగులు చాలా తక్కువగా చనిపోయారని ఆస్టియోపతి సంఘం లెక్కలు సేకరించి చాటుకుంది. అవి వైద్యులు తమకు తామే చెప్పుకున్న లెక్కలు, పోల్చి చూసేందుకు మరో బృందం లేదు. సుమారు 90 ఏళ్ల తర్వాత ఆ వృత్తివాళ్లే దీన్ని పద్ధతి ప్రకారం పరీక్షించడం వాళ్ల ఘనతగానే చెప్పాలి. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన 406 మంది వృద్ధుల మీద జరిగిన ఆ అధ్యయనం 2010లో వెలువడింది. చేరినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంటే బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. చికిత్స పూర్తిగా అందుకున్నవాళ్లను మాత్రమే చూస్తే ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు కొంత తగ్గాయి. ఇలాంటి రెండు నాల్కల ఫలితం ఈ రంగంలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త అమెరికా వైద్య కళాశాలలన్నీ తిరిగి నివేదిక ఇచ్చాడు. అందులో ఆస్టియోపతి పాఠశాలలను కూడా వదలకుండా తీవ్రంగా విమర్శించాడు. ఆ దెబ్బతో చాలా వైద్య పాఠశాలలు మూతపడ్డాయి. ఆస్టియోపతి కళాశాలలు బతకడానికి ఎంచుకున్న దారి స్పష్టం: ప్రయోగశాలలు పెట్టుకున్నాయి, ఔషధశాస్త్రం చేర్చుకున్నాయి, ఆసుపత్రి శిక్షణ పెంచాయి. మందులు వద్దన్న గురువు బడిలో మందుల పాఠం తప్పనిసరి అయింది.

అసలు మలుపు కాలిఫోర్నియాలో వచ్చింది. 1962లో అక్కడి ఎం.డి.ల సంఘమూ డి.ఓ.ల సంఘమూ కలిసిపోయాయి. సుమారు 2,000 మంది డి.ఓ.లు 65 డాలర్ల రుసుము కట్టి ఎం.డి. పట్టా తీసుకున్నారు. వాళ్ల కళాశాల ఎం.డి. కళాశాల అయి, తర్వాత ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కలిసింది. ఆ రాష్ట్రంలో కొత్తగా డి.ఓ. లైసెన్సులు ఇవ్వకుండా ప్రజాభిప్రాయ ఓటు కూడా జరిగింది. వృత్తి అంతరించిపోతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది దానికి విరుద్ధం. 65 డాలర్లకు, ఒక్క పరీక్షయినా లేకుండా పట్టా మారిందంటే, ఆ రెండు చదువులకూ మధ్య పెద్ద తేడా లేదని ఎదుటివాళ్లే ఒప్పుకున్నట్టు కదా! మిగతా రాష్ట్రాల డి.ఓ.లు ఆ వాదన పట్టుకున్నారు. 1966లో అమెరికా సైన్యం డి.ఓ.లను వైద్యాధికారులుగా తీసుకోవడానికి ఒప్పుకుంది. 1973 నాటికి కాలిఫోర్నియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ డి.ఓ.లకు పూర్తి లైసెన్సు ఇచ్చాయి. మరుసటి ఏడాది కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అక్కడి నిషేధాన్నీ కొట్టేసింది. నా దృష్టిలో ఈ వృత్తిని నిలబెట్టింది స్టిల్ సిద్ధాంతం కన్నా ఈ పదేళ్ల చట్టపోరాటమే.

ఇప్పుడు అమెరికాలో వైద్యవిద్యార్థుల్లో దాదాపు నలుగురిలో ఒకరు డి.ఓ. కళాశాలల్లోనే చదువుతున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ అందులో ఉన్నారు. ఇందులో గుంటూరు వైద్య కళాశాల పట్టభద్రులకు నేరుగా తగిలే సంగతి ఒకటుంది. ఒకప్పుడు డి.ఓ.లకు ప్రత్యేకంగా రెసిడెన్సీలు (పట్టా తర్వాత ఆసుపత్రిలో పొందే శిక్షణ) ఉండేవి, వాటిలోకి ఎం.డి.లకు గానీ మన ఎం.బి.బి.ఎస్.లకు గానీ ప్రవేశం ఉండేది కాదు. 2014లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2020 నాటికి రెండు వ్యవస్థలూ ఒకే గుర్తింపు సంస్థ కిందికి వచ్చాయి. సూత్రప్రాయంగా తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. పోటీ కూడా ఒకే వరుసలోకి వచ్చింది. డి.ఓ. విద్యార్థులకు తమ లైసెన్సు పరీక్షలు వేరే ఉన్నా, మంచి రెసిడెన్సీ కోసం చాలామంది ఎం.డి.లు రాసే పరీక్షలు కూడా రాస్తున్నారు. ఒకే అర్హత కోసం రెండు పరీక్షల ఖర్చు, రెండు రకాల ఒత్తిడి ఎందుకన్నది అక్కడి విద్యారంగంలో ఈనాటి పెద్ద చర్చ.

దీనికన్నా లోతైన ప్రశ్న మరొకటి ఉంది. ఎం.డి. పాఠాలకు అదనంగా డి.ఓ. విద్యార్థి సుమారు 200 గంటలు చేతి చికిత్స నేర్చుకుంటాడు. ప్రాక్టీసులోకి వచ్చాక దాన్ని వాడేవాళ్లు ఎందరు? 2001లో వెలువడిన ఒక సర్వేలో జవాబిచ్చిన డి.ఓ.లలో సగం మందికి పైగా తమ రోగుల్లో 5 శాతం కన్నా తక్కువ మందికే ఆ చికిత్స చేస్తున్నామన్నారు. వాడనిది నేర్పడం ఎందుకని ఒక వర్గం, అదే లేకపోతే మన ప్రత్యేకత ఏమిటని మరో వర్గం వాదించుకుంటున్నాయి.

ఐరోపా కథ వేరు. స్టిల్ శిష్యుడు జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ 1917లో లండన్‌లో పాఠశాల పెట్టాడు. 1935లో గుర్తింపు కోసం పార్లమెంటుకు వెళ్లిన బిల్లు, ప్రభువుల సభ విచారణలో నిలవలేక వీగిపోయింది. చట్టం రావడానికి 1993 దాకా పట్టింది. బ్రిటన్‌లో నమోదు కాని వ్యక్తి ఆస్టియోపత్ అని చెప్పుకుంటే నేరం. అక్కడి ఆస్టియోపత్ మందులు రాయడు, శస్త్రచికిత్స చేయడు, చేతులతోనే పనిచేస్తాడు. ఫ్రాన్స్ 2002లో ఈ వృత్తిని గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆస్టియోపతి శిక్షణకు ప్రమాణాలు ప్రచురించింది. కొత్తగా చేరేవాళ్లకూ, ముందే వైద్యవృత్తిలో ఉన్నవాళ్లకూ వేర్వేరు పాఠ్యమార్గాలు అందులో చెప్పింది.

ఇక పరిశోధన. నడుము నొప్పి దగ్గరే ఎక్కువ పని జరిగింది. 1999లో 178 మందితో చేసిన అమెరికా అధ్యయనంలో మామూలు వైద్యమూ చేతి వైద్యమూ దాదాపు సమానంగా ఉపశమనం ఇచ్చాయి. చేతి వైద్యం పొందినవాళ్లకు మందులు తక్కువ పట్టాయి. 2013లో టెక్సాస్‌లో 455 మందితో చేసిన దాంట్లో, నిజమైన చికిత్స పొందినవాళ్లలో సగం మందికి నొప్పి బాగా తగ్గింది. ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో అది సుమారు 35 శాతం. 2021లో ఫ్రాన్స్‌లో 400 మందితో జరిగిన అధ్యయనం ఆశలను కొంత తగ్గించింది. రోజువారీ పనుల్లో ఇబ్బంది కాస్త తగ్గినా, రోగికి తేడా తెలిసేంత పెద్దది కాకపోవచ్చని పరిశోధకులే రాశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. మాత్రల ప్రయోగంలో ఉత్తి మాత్ర ఇచ్చి ఎవరికి ఏది ఇచ్చామో వైద్యుడికీ రోగికీ తెలియకుండా ఉంచవచ్చు. చేతితో చేసేవాడికి తాను చేస్తున్నది నిజమో నటనో తెలుస్తూనే ఉంటుంది. పైగా ఎవరైనా పది నిమిషాలు శ్రద్ధగా నడుము నిమిరితేనే సగం హాయి. ఆ హాయిని చికిత్స ఫలితం నుంచి విడదీయడం కష్టం. అందుకే మార్గదర్శకాలు ఆచితూచి మాట్లాడతాయి. బ్రిటన్ జాతీయ మార్గదర్శకం 2016లో, వ్యాయామంతో కలిపి ఇస్తేనే చేతి చికిత్స ఇవ్వవచ్చంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి దాన్ని షరతులతోనే సిఫారసు చేసింది.

కపాల ఆస్టియోపతి విషయంలో ఇంత తటపటాయింపు అవసరం లేదు. స్టిల్ శిష్యుల్లో ఒకడైన విలియం సదర్లాండ్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, పుర్రె ఎముకల మధ్య సూక్ష్మమైన లయను వేళ్లతో పట్టుకుని సరిచేస్తామంటారు. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షిస్తే వాళ్లకు అందిన లయలు కలవలేదు. దీన్ని పాఠ్యప్రణాళిక నుంచి, పరీక్షల నుంచి తీసేయాలని 2002లో ఆస్టియోపతి కళాశాల అధ్యాపకులే రాశారు. 2016లో వచ్చిన సమీక్ష కూడా నమ్మదగిన ఆధారం లేదనే తేల్చింది. పసిపిల్లల తల సర్దుతామనేవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

మన దగ్గరికి వద్దాం. చేతి వైద్యం మనకు కొత్త కాదు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కోసం బస్సెక్కి వెళ్లిన కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆస్టియోపతి మాత్రం ఏ చట్టంలోనూ ఇమడలేదు. ఆయుష్ పద్ధతుల్లో అది లేదు. దానికంటూ కౌన్సిల్ లేదు. కటక్‌లోని శ్రీ శ్రీ విశ్వవిద్యాలయం లాంటి ఒకటి రెండు చోట్ల కోర్సు ఉంది. ఈ పేరుతో పనిచేసేవాళ్లలో ఫిజియోథెరపిస్టులు ఉన్నారు, కొద్దిరోజుల శిక్షణతో సరిపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2021 చట్టం ఫిజియోథెరపీకి జాతీయ కమిషన్ కింద స్థానం ఇచ్చింది. ఆ వృత్తిలోవాళ్లు పేరుకు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అన్న గొడవ 2025 సెప్టెంబరులో ముదిరింది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని లేఖ రాసి, మరునాడే దాన్ని వెనక్కి తీసుకుంది. నాలుగైదేళ్ల పట్టా ఉన్న వృత్తి మీదే ఇంత అయోమయం ఉంటే, అసలు పట్టాయే నిర్వచించని వృత్తి సంగతి చెప్పనక్కరలేదు.

ఇది కేవలం హోదా గొడవ కాదు. మన దేశంలో నడుము నొప్పి వెన్నెముక క్షయ కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి ఉన్న మనిషి వెన్నును ఎక్స్‌రే అయినా లేకుండా బలంగా నొక్కితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు విరిగే ముప్పు. మెడను విసురుగా తిప్పడం వల్ల అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన ఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. లండన్‌లో ఇలాంటిది జరిగితే ఫిర్యాదు వినే కౌన్సిల్ ఉంది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర జరిగితే రోగి ఏ కౌన్సిల్ తలుపు తట్టాలి?

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఫిజియోథెరపీ కళాశాలలు నడుస్తున్నాయి. చేతి చికిత్స ఎవరు చేయాలి, ఎన్ని గంటల శిక్షణ తర్వాత, ఏ పరీక్షలు చూశాక అన్నది తేల్చే చర్చ అక్కడ మొదలు కావచ్చు. పరిశోధన కూడా మన ఊళ్లో జరగాలి. గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోలకు పైబడిన టిక్కీలు (మిర్చి బస్తాలు) రోజంతా మోసే ముఠా కార్మికుడి నడుముకు ఫ్రాన్స్ ఫలితాలు ఎంతవరకు వర్తిస్తాయో చూడాల్సిందే. ప్రభుత్వ సర్వజనాసుపత్రి, ఫిజియోథెరపీ కళాశాలలు, కార్మిక సంఘాలు కలిస్తే అది అసాధ్యమేమీ కాదు. ఒక బృందానికి చేతి చికిత్స, మరో బృందానికి వ్యాయామం ఇచ్చి, మూడో బృందానికి మోసే టిక్కీ బరువు తగ్గించి ఆరు నెలలు గమనిస్తే, ఎవరి నడుము ఎక్కువ బాగుపడిందో తెలుస్తుంది.