ఇంట్లో కట్టుకునే లిక్విడ్ కూలింగ్‌లో ఏ ద్రవం పోయాలి? అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌కు సొంతంగా లిక్విడ్ కూలింగ్ (గొట్టాల్లో ద్రవం తిప్పి వేడిని లాగేసే ఏర్పాటు) కట్టుకునేవారు పంపు, రేడియేటర్, గొట్టాలు అన్నీ కొన్నాక చివరగా అడుగుతారు, “ఇందులో ఏం పోయాలండీ?” అని. ఇలాంటివి కట్టి, పాడైనవి విప్పి చూసే నేను చెప్పేది ఒకటే: మొదట అడగవలసిన ప్రశ్న అది.

అపోహ: ఖరీదైన కూలెంట్ పోస్తే ఎక్కువ చల్లబడుతుంది.

వాస్తవం: మనకు దొరికే ద్రవాల్లో వేడిని మోయడంలో నీటికి సాటి లేదు. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 కిలోజౌళ్లు కావాలి, కారు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌కు సుమారు 2.4 చాలు. నిమిషానికి లీటరు నీరు తిరుగుతుంటే, 200 వాట్ల ప్రాసెసర్‌ను దాటి వచ్చేసరికి ఆ నీటి వేడి 3 డిగ్రీలు కూడా పెరగదు. సీసా మార్చి సాధించేది ఏమీ లేదు. గదిలో 40 డిగ్రీలున్న మే నెల మధ్యాహ్నం ఏ కూలెంటూ రేడియేటర్ నుంచి 38 డిగ్రీలతో బయటికి రాదు. ఆ డబ్బు పెద్ద రేడియేటర్ మీద పెట్టండి.

అపోహ: అలాగైతే కుళాయి నీరో, ఆర్‌ఓ నీరో చాలు.

వాస్తవం: చాలదు. బోరు నీరు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే బ్లాకులోని (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే లోహపు ముక్క) సన్నని గాడుల్లోనూ కడుతుంది. ఆర్‌ఓ నీటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ చదివి తీసుకోండి.

అపోహ: డిస్టిల్డ్ వాటర్ పోస్తే తుప్పు పట్టదు, లీకైనా షార్ట్ కాదు.

వాస్తవం: ఒక విద్యార్థి ఆరు నెలలైనా నిండని యంత్రం తెచ్చాడు. రాగి బ్లాకు, అల్యూమినియం రేడియేటర్. విప్పితే లోపల బూడిదరంగు బురద, కదలని పంపు. “డిస్టిల్డ్ వాటరే పోశాను సార్” అన్నాడు. అతని తప్పు నీటిలో లేదు, లోహాల జతలో ఉంది. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో కలిస్తే అది చిన్న బ్యాటరీ సెల్ అవుతుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియం. కూడబెట్టుకున్న డబ్బు అలా బురదైపోవడం చూస్తే నాకు నిజంగా బాధేసింది. రాగి బ్లాకుకు రాగి లేదా ఇత్తడి రేడియేటరే పెట్టండి. ఇక షార్ట్ సంగతి: లోహాల నుంచి, గాలి నుంచి అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) చేరేకొద్దీ ఆ నీరు కరెంటును మోయడం మొదలుపెడుతుంది. దానిని నమ్మి మదర్‌బోర్డును వదిలేయకండి.

అపోహ: కారు కూలెంట్ చిక్కగా పోస్తే మరీ మంచిది.

వాస్తవం: సగానికి సగం కలిపిన గ్లైకాల్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మన ఊళ్లలో ఇంట్లో ఆ అవసరం ఎవరికుంది? ఆ మిశ్రమం నీటికన్నా మూడు నాలుగు రెట్లు చిక్కన, చిన్న పంపుకు ఈడ్వడం కష్టం. అయితే అందులోని తుప్పు నిరోధకాలు పనికొచ్చేవే. అలాగని మరీ పలచన చేస్తే అవి చాలవు, పైగా కొద్దిపాటి గ్లైకాల్ సూక్ష్మజీవులకు ఆహారం. లూపు (ద్రవం తిరిగే దారి) అంతా రాగి, ఇత్తడి అయితే డిస్టిల్డ్ వాటర్‌లో కంప్యూటర్ కూలింగ్ కోసమే అమ్మే నిరోధకం, నాచు పట్టనివ్వని మందు లేబుల్ మీద రాసిన కొలతలో కలిపితే సరిపోతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. మిగిలినదాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో ఎక్కడా పెట్టకండి. పిల్లలు, కుక్కలు తాగితే మూత్రపిండాలు పోతాయి, ప్రాణమూ పోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ గురించీ అడుగుతారు. కరెంటును మోయదన్నది నిజమే, కానీ నీటిలో సగం వేడిని కూడా మోయదు, ఈపీడీఎం అనే రకం రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. వద్దు.

ఏది పోసినా, పంపును ఒక్క క్షణమైనా ఖాళీగా తిప్పకండి. దాని బేరింగుకు ఆ ద్రవమే కందెన. నింపాక 24 గంటలు పంపుకు మాత్రమే కరెంటు ఇచ్చి, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరచి చూడండి. అది పొడిగా ఉంటేనే బోర్డుకు కరెంటు ఇవ్వండి.