ఇంటి స్టూడియో: దుకాణం ఖాళీ చేయాలనుకునే విశాఖ ఫోటోగ్రాఫర్లకు కొన్ని అపోహలు, వాస్తవాలు

ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ కూడలి వంటి చోట్ల అద్దె దుకాణాల్లో స్టూడియో నడుపుతున్న ఫోటోగ్రాఫర్లలో చాలామందికి ఇప్పుడు ఒకే ఆలోచన ఉంది: ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని, ఆ అద్దె మిగుల్చుకుంటే ఎలా ఉంటుంది? నేను ఆ మార్పు చేసి పని కొనసాగిస్తున్నందువల్ల తోటివారు తరచుగా సలహా అడుగుతుంటారు. అన్నిటికంటే ముందు వారికి చెప్పేది ఒకటే. ఇంటి స్టూడియో వేరే తరహా వ్యాపారం. కొన్ని పనులు మీ వెంట ఇంటికి వస్తాయి, కొన్ని ఆ వీధిలోనే ఉండిపోతాయి. ఏవి ఏవో తేల్చుకున్న తర్వాతే దుకాణం యజమానికి నోటీసు ఇవ్వాలి.

అపోహ: అద్దె మిగిలితే అదంతా లాభమే.

వాస్తవం: దారిన పోతూ లోపలికి వచ్చే గిరాకీకి ఒక విలువ ఉంది. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, వీసా ఫోటోలు, లామినేషన్, ఫ్రేములు, పాత ఫోటోలకు మెరుగులు దిద్దడం వంటి పనుల కోసం ఎవరూ కాలనీ లోపలి ఇంటిని వెతుక్కుంటూ రారు. పైగా పరీక్ష దరఖాస్తుకు కొడుకు ఫోటో తీయించడానికి వచ్చిన తండ్రే రెండేళ్ల తర్వాత కూతురి ఓణీల ఫంక్షన్‌కు మనల్ని పిలుస్తాడు. అందుకని గత ఏడాది బిల్లు పుస్తకాన్ని ముందు వేసుకుని, రోడ్డు మీద బోర్డు చూసి వచ్చినవారిని, ఫోన్ చేసి లేదా తెలిసినవారి మాట విని వచ్చినవారిని విడివిడిగా లెక్క కట్టండి. రాబడిలో సగానికి మించి మొదటి రకం వారిదే అయితే దుకాణం వదలకపోవడమే మేలని నా అభిప్రాయం. పెళ్లిళ్లు, ప్రీ వెడ్డింగ్‌లు, బారసాలలు ప్రధానమైనవారి సంగతి వేరు. వారు ఫోటోలు తీసేది కల్యాణ మండపాల్లోనో, రుషికొండ, భీమిలి తీరాల్లోనో కాబట్టి, ఎడిటింగ్‌కూ పార్టీతో, అంటే పని ఇచ్చినవారితో మాట్లాడడానికీ ఇల్లు చక్కగా సరిపోతుంది.

అపోహ: పన్నెండు అడుగుల పడకగది ఉంటే స్టూడియోకు చాలు.

వాస్తవం: చాలా, చాలదా అన్నది మీరు తీసే ఫోటోను బట్టి ఉంటుంది. దీన్ని ఊహకు వదిలేయకుండా లెక్క వేసుకోవచ్చు. నిలబడిన మనిషి తల పైన, పాదాల కింద కొంత ఖాళీతో కలిపి 7 అడుగుల ఎత్తు ఫ్రేములోకి రావాలనుకుందాం. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే, 85 ఎంఎం లెన్సుతో మనిషికి దాదాపు 16 నుంచి 17 అడుగుల దూరంలో నిలబడాలి. 50 ఎంఎంతో అయితే సుమారు 10 అడుగులు, 35 ఎంఎంతో సుమారు 7 అడుగులు చాలు. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరాలో 50 ఎంఎం లెన్సుకే దాదాపు 15 అడుగులు కావాలి. వెనుక తెర మీద నీడ పడకుండా మనిషికీ తెరకూ మధ్య 4 అడుగులు, కెమెరా వెనుక మనం నిలబడడానికి 2 అడుగులు కలిపితే, ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎంకు 22 అడుగులకు పైగా, 50 ఎంఎంకు 16 అడుగుల పొడవు అవసరమవుతుంది. అదే ఛాతీ వరకు తీసే చిత్రమైతే 85 ఎంఎంకు 6 అడుగుల దూరం చాలు కనుక, పన్నెండు అడుగుల గది సరిగ్గా సరిపోతుంది. పట్టుచీర కుచ్చిళ్ల దాకా కనిపించాలని కోరే పెళ్లికూతురికి మాత్రం హాలే గతి. 35 ఎంఎంతో దగ్గరగా నిలబడి సర్దుకుందామనుకుంటే కెమెరాకు దగ్గరగా ఉన్న భాగం పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపించి మనిషి కొలతలు చెడతాయి.

వెడల్పు సంగతి కూడా చూసుకోవాలి. వెనుక తెరగా వేలాడదీసే పెద్ద పేపర్ రోల్ వెడల్పు 2.72 మీటర్లు, అంటే దాదాపు 9 అడుగులు. స్టాండ్లతో కలిపితే పదడుగుల గది గోడ నుంచి గోడకు నిండిపోతుంది. అంత పొడవైన రోల్ చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు, మెట్ల మీదుగా మోసుకురావాలి. 1.35 మీటర్ల సగం రోల్ ఒంటరి చిత్రాలకు, పసిపిల్లలకు బాగుంటుంది కాని, కుటుంబం మొత్తం నిలబడే గ్రూప్ ఫోటోకు పనికిరాదు.

చిన్న గదిలో వెలుగు తీరు కూడా మారుతుంది. లైటుకు 3 అడుగుల దూరంలో మనిషి, 6 అడుగుల దూరంలో తెర ఉంటే, తెర మీద నేరుగా పడే వెలుగు మనిషి మీద పడే వెలుగులో నాలుగో వంతే. తెల్ల తెర బూడిద రంగులో కనిపించడానికి కారణం ఇదే. దానికి విడిగా మరో లైటు పెట్టాలి. మన ఇళ్లలో ఇష్టంగా వేయించుకునే లేత ఆకుపచ్చ, గులాబీ గోడలు ఆ రంగును చర్మం మీదకు ప్రతిఫలింపజేస్తాయి. గోడలకు మెరుపు లేని తెలుపో బూడిద రంగో వేయించి, నీడ కావాల్సిన వైపు నల్లటి గుడ్డ కట్టుకోవడం ఖరీదైన లైటు కొనడం కంటే ఎక్కువ ఉపయోగం.

అపోహ: ఉత్తరపు కిటికీ ఉంటే రోజంతా మెత్తని వెలుగు వస్తుంది.

వాస్తవం: ఈ సూత్రం, మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉండే యూరప్‌లోని చిత్రకారుల నుంచి వచ్చింది. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ ఎండను సన్‌షేడ్ ఆపుతుంది కాని, వేసవిలో సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో ఏటవాలుగా వచ్చే ఎండ ఉత్తరపు కిటికీలోంచి నేరుగా లోపలికి పడుతుంది. పల్చని తెల్ల తెర ఒకటి కట్టుకుంటే సరి.

అపోహ: స్టూడియో లైట్లకు త్రీ ఫేజ్ కరెంటు తప్పనిసరి.

వాస్తవం: ఇప్పటి ఎల్ఈడీ లైట్లు సాధారణంగా 150 నుంచి 300 వాట్లవి. గదిలోని ఏసీయే వాటికంటే ఎక్కువ తీసుకుంటుంది.

అపోహ: సొంతింట్లో పని చేసుకుంటే అనుమతులతో పనిలేదు.

వాస్తవం: ఇది అన్నిటికంటే ఖరీదైన అపోహ. గృహ వినియోగపు మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా లెక్కించి, వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేయవచ్చు. ఎప్పటి నుంచి జరుగుతోందో తేల్చలేకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్క కడతారు. అందుకని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ కార్యాలయంలో ముందే అడిగి, అవసరమైతే స్టూడియో గదికి విడిగా మీటరు పెట్టించుకోండి. జీఎస్టీ నమోదు ఉన్నవారు చిరునామా మారిన 15 రోజుల్లో సవరణకు దరఖాస్తు చేయాలి. ఇల్లు తల్లిదండ్రుల పేరిట ఉంటే వారి సమ్మతి పత్రం జతపరచాలి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదులోనూ చిరునామా మార్చుకోవాలి. దుకాణానికి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు ఆ చిరునామాకే చెందుతుంది కనుక, ఇంటికి ఏం కావాలో, ఆస్తిపన్నులో మార్పు వస్తుందో లేదో వార్డు సచివాలయంలో కనుక్కోవాలి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోవడం మరవకండి. లిఫ్టు, పార్కింగ్ విషయాల్లో వచ్చే తగువులు చాలావరకు దానితో తప్పుతాయి.

అపోహ: ఇంటికైతే ఆడవాళ్లు, పెద్ద పార్టీలు రారు.

వాస్తవం: పసిబిడ్డతో వచ్చే తల్లికి దుకాణం కంటే ఇల్లే నయం. పాలివ్వడానికి, బిడ్డను పడుకోబెట్టడానికి, బట్టలు మార్చడానికి చాటు దొరుకుతుంది. అయితే స్టూడియోకు, వీలైతే, విడిగా ద్వారం ఉండాలి; దుస్తులు మార్చుకునే చోటుకు లోపలి గడియ ఉండాలి; ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకున్నవారినే రానివ్వాలి. ఇంటివారి భోజనాల వేళ, పిల్లల చదువుల వేళ షూట్లు పెట్టకూడదు. ఇంట్లో మనుషుల సహనం తరిగిపోతే ఏ స్టూడియో నిలవదు.

అపోహ: పరికరాలు, ఫోటోలు ఇంట్లో మన కళ్ల ముందుంటే భద్రమే.

వాస్తవం: లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వంటి తీరానికి దగ్గరి ఇళ్లలో ఉప్పు గాలి లైట్ల కనెక్షన్లకు తుప్పు పట్టిస్తుంది, తేమ లెన్సుల్లో ఫంగస్ పెంచుతుంది. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్ ఇక్కడ తప్పనిసరి. బీమా తీసుకునేటప్పుడు, వ్యాపార పరికరాలు వర్తిస్తాయో లేదో పాలసీలో చదివి చూసుకోవాలి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. దుకాణం ఉన్న రోజుల్లో పెళ్లి ఫోటోల ఒక కాపీ అక్కడ, మరొకటి ఇంట్లో ఉండేవి. మకాం మార్చగానే రెండూ ఒకే కప్పు కిందకు చేరతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకినప్పుడు కిటికీల అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టింది, రోజుల తరబడి కరెంటు లేదు. తీరం నుంచి దూరంగా ఉన్న బంధువుల ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ ఉంచి, ఎప్పటికప్పుడు కొత్త ఫోటోలున్న డిస్క్‌తో దాన్ని మార్చుతూ ఉండండి. లేదా క్లౌడ్‌లో మూడో కాపీ పెట్టండి. దుకాణం తాళాలు అప్పగించే నాటికే ఆ ఏర్పాటు పూర్తయి ఉండాలి.