టోకెన్ నంబరు చెప్పేసిన గుట్టు

బెంగళూరు మారతహళ్లిలో మేం తినే ఆంధ్రా మెస్‌లో టోకెన్లు రోజూ 1తో మొదలయ్యేవి. ఓ రోజు మా రూమ్‌లో నలుగురం తలా ఓ వేళకి తినొచ్చాం. రాత్రి టోకెన్లు పక్కపక్కన పెడితే 23, 71, 118, 160. అన్నిటికన్నా పెద్ద అంకెను నాలుగుతో (మా టోకెన్లు నాలుగు కదా) భాగించి, వచ్చినదాన్ని ఆ పెద్ద అంకెకే కలిపి, ఒకటి తీసేస్తే 199. ఆ రోజు ఇచ్చిన మొత్తం టోకెన్ల అంచనా అది. మర్నాడు మెస్ ఓనర్‌తో "నిన్న రెండొందల భోజనాలు అమ్ముడుపోయాయా బాబాయ్?" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "నీకెవరు చెప్పారయ్యా?" ఎవరూ చెప్పలేదు, ఆయనే చేతికిచ్చాడు.

ఈ కిటుకు మాది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ ట్యాంకుల సీరియల్ నంబర్లతో మిత్రరాజ్యాల గణాంకవేత్తలు ఇదే చేశారు. గూఢచారుల అంచనా నెలకు 1,400 ట్యాంకులు. నంబర్లు చెప్పింది 246. యుద్ధమయ్యాక జర్మన్ల సొంత రికార్డుల్లో ఉన్నది 245. (ప్రతి నెలా ఇంత బాగా కుదరలేదులెండి. 1940 జూన్‌కి 169 అనుకుంటే అసలు 122.)

యాప్‌లో ఆర్డర్ నంబర్లు వరసగా ఇస్తే పోటీ కంపెనీకి మన వ్యాపారం లెక్క తెలుస్తుంది. అంతవరకైతే నష్టం కొంతే. 2019లో అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో, లింకులోని ఒక అంకె మారిస్తే వేరేవాళ్ల ఇంటి పత్రాలు తెరుచుకున్నాయి. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. బ్యాంకు ఖాతా నంబర్లతో సహా 88.5 కోట్ల పత్రాలు, 2003 నాటివి మొదలుకొని!

లాగిన్ అడిగే చోటా ఇది జరుగుతుంది. సర్వర్ "నువ్వెవరు?" అని అడుగుతుంది, "ఈ కాగితం నీదేనా?" అని అడగడం మరిచిపోతుంది. ఏపీఐల (యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే దారుల) భద్రతా లోపాలపై, సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2019లో, 2023లో ఇచ్చిన జాబితాలు రెండిట్లోనూ మొదటి స్థానం దీనిదే. ఇంకో అలవాటు నాకు మరీ చిరాకు: స్క్రీన్ మీద పేరొక్కటే చూపిస్తూ, సర్వర్ నుంచి ఫోన్, అడ్రస్, పుట్టినరోజు అన్నీ పంపేయడం. "యూజర్‌కి కనిపించదు కదా" అంటారు. ఫోన్ దాకా వచ్చిన డేటాను చూడ్డానికి ఉచిత టూల్స్ బోలెడు.

వరస నంబర్ల బదులు యూయూఐడీలు, అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి గుర్తింపు సంఖ్యలు, వాడొచ్చు. వాటిలో నాలుగో రకానికైతే (వెర్షన్ 4) 122 బిట్లు యాదృచ్ఛికం, ఊహించి పట్టుకోవడం జరగని పని. కానీ ఆ లింకును ఎవరైనా వాట్సాప్‌లో పంపితే? ఆ పత్రం ఎవరిదో సర్వర్ ప్రతిసారీ సరిచూడకపోతే అదీ తెరుచుకుంటుంది.

బాబాయ్ ఇప్పుడు టోకెన్లు 501 నుంచి ఇస్తున్నాడు. ఇవాళ పొద్దున్నే వెళ్లి మొదటిది నేనే తీసుకున్నాను.